అమావాస్య కాని రోజున బెల్లం పెనం దగ్గర

వేడి వేడి బెల్లం ఎక్కడ దొరుకుతుందని పోయిన నెల ఈ బ్లాగు చదివేవాళ్ళు ఇద్దరు ముగ్గురు అడిగారు. పూతలపట్టు పక్కన చెరకు కొట్టే రోజుల్లో పెద్ద పెనాల మీద బెల్లం వండుతారని వినడమే కానీ నేనూ చూడలేదు. నా స్నేహితురాలు సుజాత మాత్రం అక్కడి కూలీల కాలనీకి నెలనెలా వెళ్తుంది. పొగ పీల్చేవాళ్ళ ఊపిరి ఎలా ఉందో కొలిచి రాసుకోవడం ఆమె ఉద్యోగం. "నేను అమావాస్యకే పోతా. ఆ పొద్దు పెనం వెలిగించరు, అందరూ ఇంటికాడే ఉంటారు" అంది. నాకు సెలవు దొరికిందేమో మామూలు బుధవారం. పాపం, నా కోసం తిథి మార్చుకుంది.

తిరుపతి బస్టాండులో ఉదయం ఏడింటికి చిత్తూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం. మగవాళ్ళు చిల్లర దగ్గర పెట్టుకోండి, కండక్టర్లకు ఓపిక తక్కువ. పూతలపట్టు కూడలిలో దిగి, ఇడ్లీ తిని, రానూ పోనూ మూడు వందలకు ఆటో మాట్లాడుకున్నాం. ఎక్కడికో చెప్పగానే డ్రైవరు మునెప్ప అద్దంలోంచి మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"బెల్లం కొనేదానికైతే సరే. ఆడ ఫోటోలు గీటోలు తీయబాకండి మేడం. ఓనరు మంచోడే గానీ కోపం జాస్తి."

ఊరు రాకముందే వాసన వచ్చింది. బెల్లం వాసన కాదు, రబ్బరు కాలే వాసన. పెనం కింద మామూలుగా చెరకు పిప్పి మండిస్తారు. వానలకు పిప్పి తడిసిపోయిందట, పొయ్యి దగ్గర పాత టైరు ముక్కలు కుప్ప పోసి ఉన్నాయి. నల్లటి పొగ పక్కనున్న కాలనీ రేకుల మీదికి దిగుతోంది. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, పొయ్యి దగ్గరున్న ఆడవాళ్ళను చూసి సిగ్గేసి తీసేశాను.

అక్కడ ఇద్దరున్నారు. మంట ఎగదోసే గంగమ్మ, ఆమె కూతురు మల్లిక. ఆరో నెల కడుపుతో ఉన్న మల్లిక పొడుగు కర్రతో టైరు ముక్కలు లోపలికి తోస్తోంది. సుజాత ఉన్నచోటే ఆగిపోయింది.

"గంగమ్మా, కడుపుతో ఉండే బిడ్డను ఈడ పెట్టినావేంది?"

"నా ఊపిరి బాగుండాదని నువ్వే గదమ్మా సెప్పినావు. ఇన్నేండ్లు పీల్చినా నాకే ఏం గాలేదు, దానికేమయితాది? అందుకే మొన్న పనికి పిల్సుకొచ్చినా."

సుజాత సంచిలోంచి చిన్న గొట్టం తీసింది. అందులోకి గట్టిగా ఊదితే ముల్లు పైకి జరుగుతుంది. పచ్చ గీతల్లోకి వెళ్తే బాగున్నట్టు, ఎర్ర గీతల్లో ఆగితే ప్రమాదం. గంగమ్మ ఊదింది. ముల్లు ఎర్ర గీతల్లోనే ఆగిపోయింది. రెండోసారి ఊదబోతే దగ్గు తెర వచ్చి, ఛాతీ పట్టుకుని కూలబడింది. మూడోసారీ ఎరుపే.

ఇంతలో ఓనరు వచ్చాడు. గొంతు పెంచలేదు, అందుకే నాకు ఇంకా భయమేసింది.

"మీరు అమావాస్యకు గదమ్మా వొచ్చేది? పని జరిగేటప్పుడు ఇదేంది?"

సుజాత ముఖం పాలిపోయింది. ఇన్నాళ్ళూ తను కొలిచింది మంట లేని రోజుల ఊపిరని అప్పుడు తట్టింది ఆమెకు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. పనికి అడ్డం రాని రోజు ఓనరుకు వీలు, కూలీలకు వీలు, ఆమెకూ వీలు. నాకు మాత్రం అందరి మీదా ఒళ్ళు మండిపోయింది.

"నేను సెప్పింది తప్పు గంగమ్మా" అంది సుజాత. "నీ ఊపిరి బాగలేదు. మల్లికను ఈడ ఉంచొద్దు. నువ్వూ ఇప్పుడే నాతో చిత్తూరు ఆస్పత్రికి రా."

గంగమ్మ ఓనరు వైపు చూసింది. అతను పాకం వైపు చూస్తున్నాడు. ఆమె లేచి కూతురి చేతిలోంచి కర్ర లాక్కుంది.

"నువ్వు ఇంటికి బో మే."

"నువ్వో?" అంది మల్లిక.

"పాకం పెనం మీదుండాది. మంట తగ్గితే అంతా సెడిపోతాది." సుజాత వైపు తిరిగింది. "ఆస్పత్రికి అమావాస్యకు వొస్తాలేమ్మా."

మేం బెల్లం కొనలేదు. ఇకనుంచి పెనం వెలిగిన రోజులే వస్తానని బస్సులో సుజాత అంది, ఓనరు రానిస్తాడో లేదో తెలియదు. మల్లిక బయటపడిందని సంతోషించబోతే, వచ్చే అమావాస్య గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. ఆస్పత్రిలో ఆ రోజు గంగమ్మ బాగానే ఊదుతుందేమో, మందు బిళ్ళలిచ్చి పంపేస్తారేమో. బెల్లం కోసం అటు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: పెనం వెలిగిన రోజే వెళ్ళండి, ధర అడిగే ముందు కింద ఏం కాలుస్తున్నారో అడగండి, మంట దగ్గర ఎవరున్నారో కూడా చూడండి.