కలపని మూడు తీగలు

2011, బతుకమ్మ నాలుగో రోజు. మధ్యాహ్నం రెండున్నర. సిరిసిల్లలో సామ్యేల్ ఇంటి ముందు గది. ఉన్నవాళ్లు: నేను, డోలక్ వాయించే సామ్యేల్, గడప దగ్గర బీడీలు చుడుతున్న ఆయన భార్య సుగుణ, స్నేహితురాలిని అడిగి తెచ్చిన ల్యాప్‌టాప్ ముందు వాళ్ల బిడ్డ గ్రేసి, డిగ్రీ రెండో సంవత్సరం. కరెంటు లేదు.

నా డైరీలో ఆ పేజీ ఇలాగే మొదలవుతుంది. తర్వాత ఒక్క అక్షరం కూడా చేర్చలేదు, దిద్దలేదు.

టెలిఫోన్ శాఖలో ముప్పై నాలుగేళ్లు టెక్నీషియన్‌గా చేశాను. ఎక్కువ కాలం జగిత్యాల ఎక్స్ఛేంజిలోనే. మనిషి లేని గదిలో గంట మోగితే నాకు దయ్యం గుర్తుకొచ్చేది కాదు, తడిసిన కేబుల్ గుర్తుకొచ్చేది. వెతికితే తడిసిన కేబులే దొరికేది. మా బంధువుల్లో ఒకామెకు గాలి సోకిందని కొండగట్టు గుడికి బయలుదేరితే, ముందు డాక్టరుకు చూపించండని గొడవ పెట్టుకున్నవాణ్ణి నేను. ఇది చదివేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

డైరీ కూడా ఎక్స్ఛేంజి రిజిస్టరు పద్ధతిలోనే రాస్తాను. నాలుగు గళ్లు: లోపం, సమయం, కారణం, చేసిన పని.

సామ్యేల్‌ది కోనరావుపేట దగ్గర పల్లె. భూమి లేని కుటుంబం. సిరిసిల్లకు వచ్చి మరమగ్గం మీద పనిచేశాడు. ఆదివారం చర్చిలో డోలక్, ఉద్యమం మొదలయ్యాక ధూంధాం పాటల సభల్లో డోలక్. రెండేళ్ల కింద మగ్గం పళ్ల చక్రాల్లో చెయ్యి పడి కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి. కూలిపని ఏదో దొరికింది కానీ డోలక్ మూలకు చేరింది.

"లేని వేళ్లు దురద పెడుతున్నయంటడు సారు. గోకుదామంటే ఏడ గోకాలె?" అని సుగుణ నాతో ఒకసారి అంది. నవ్వుతూనే అంది.

ఉద్యోగం దిగాక నేను సిరిసిల్లలో ఉంటూ భజన మండళ్లకు ఆంప్లిఫయర్లు బాగుచేసేవాణ్ణి. సామ్యేల్ చెయ్యి చూశాక ఒక ఆలోచన వచ్చింది. వేలు తగిలితే డోలక్ మోత వినిపించే చిన్న పెట్టె ఒకటి కట్టాలని. అలాంటిదాన్ని కంట్రోలర్ అంటారు. మేం డబ్బా అనేవాళ్లం. డబ్బా తనంతట తాను మోగదు. రబ్బరు మీద వేలు పడితే దాని కిందున్న ఇత్తడి బిళ్ల చిన్న కరెంటు పుట్టిస్తుంది. లోపలి బోర్డు ఆ కరెంటును చూసి, ఏ రబ్బరు మీద ఎంత గట్టి దెబ్బ పడిందో ల్యాప్‌టాప్‌కు చెబుతుంది. మోత ల్యాప్‌టాప్ నుంచి వస్తుంది. ఆ మోతలు సామ్యేల్‌వే. ప్రమాదానికి ముందు క్రిస్మస్ రోజు చర్చిలో ఆయన వాయించింది ఎవరో రికార్డు చేశారు. అందులోంచి ఒక్కో వేలి మోతను గ్రేసి కత్తిరించి తీసింది.

రెండు వేళ్లకు రెండు రబ్బర్లు చాలన్నాను.

"ఐదు పెట్టుండ్రి సారు," అన్నాడు సామ్యేల్. "రెండే పెడితే నా చెయ్యి గింతే అని నేనే సంతకం పెట్టినట్టు."

సరేనన్నాను. హవాయి చెప్పుల రబ్బరు కోసి, చెయ్యి ఆకారంలో ఐదు అతికించాను. ఐదింటి కిందా బిళ్లలు పెట్టాను.

ఇక్కడ నేనొక తప్పు చేశాను. మొదటి రెండు బిళ్లల తీగలనే బోర్డుకు కలిపాను. మిగిలిన మూడు కలపలేదు. అరచేతి అంచు తగిలి అనవసరపు మోతలు వస్తాయని నా లెక్క. ఆ మూడు తీగల కొసలకు టేపు చుట్టి పక్కకు మడిచాను. బోర్డు మీద ఆ తీగలు కలవాల్సిన కాళ్లను, అంటే పిన్నులను, ఊరికే వదిలేస్తే గాలిలోని కరెంటును పట్టుకుని పిచ్చిమోతలు మోగిస్తాయి కనుక, ఆ మూడు కాళ్లనూ ఎర్త్‌కు టంకం పెట్టేశాను. అంటే వాటి నుంచి ఎప్పటికీ సున్నా తప్ప ఏమీ రాకూడదు. డైరీలో రాసుకున్నాను: "3, 4, 5 కలపలేదు. సామ్యేల్‌కు చెప్పలేదు."

ఆయన కనిపెట్టలేదు. ఎందుకంటే చూపుడువేలితో కూడా ఆ మూడింటినీ ఎప్పుడూ తాకలేదు. అడిగితే, "అవి ఆ వేళ్లవి సారు," అన్నాడు.

డబ్బా నెలన్నర సతాయించింది. ఒకటి కొడితే పక్కది కూడా పలికేది. మధ్యలో సైకిల్ ట్యూబు ముక్కలు దూర్చాక అది తగ్గింది. ఒక్క దెబ్బకు రెండు మోతలు వచ్చేవి. దెబ్బ పడ్డాక బిళ్ల రెప్పపాటు వణుకుతుంది, ఆ రెప్పపాటూ పట్టించుకోవద్దని ప్రోగ్రాంలో రాశాం. అన్నిటికన్నా మొండిది మగ్గాల అదురు. వాడలో మగ్గాలు నడుస్తుంటే నేల అదిరి, ఎవరూ ముట్టకుండానే డబ్బా మోగేది. ఉద్యమంలో భాగంగా గనుల్లో జరుగుతున్న సమ్మెతో బొగ్గు తగ్గి కరెంటు కోతలు పెరిగాయి. మగ్గాలు ఆగిన గంటల్లోనే మా సర్దుబాట్లన్నీ చేసుకున్నాం.

ఆ మధ్యాహ్నం తేలాల్సింది ఏమిటో అందరికీ తెలుసు. మర్నాడు ఉదయం కోరుట్లలో సభ. బృందం పెద్ద కొమురయ్య, కల్లుగీత వదిలి పాటకు వచ్చిన మనిషి, పొద్దున్నే ఫోన్ చేసి తేల్చి చెప్పాడు. "తమ్మీ, నాలుగింటి దాక చూస్త. నీ డబ్బ సక్కగ మోగితే నువ్వే. లేకుంటే జగిత్యాల డోలకాయనను పిలుస్త. ఒకసారి పిలిచినంక ఇగ ఆయననే. ఏమనుకోకు."

సామ్యేల్ రెండు వేళ్లతో వాయించాడు. రెండూ బాగానే పలికాయి. లోపం ఏమీ లేదు.

"మంచిగుంది నాయినా," అంది గ్రేసి.

"మంచిగుంటే ల్యాప్‌టాప్ దిక్కు సూస్కుంట చెప్తవేందే?" అంది సుగుణ, తునికాకు మీంచి తల ఎత్తకుండా.

సామ్యేల్ చెయ్యి తీశాడు. "సగం మాట చెప్పి నోరు మూసుకున్నట్టుంది సారు."

"రేపటికి ఇది సాలు సామ్యేలూ," అన్నాను.

"మీరు ఐదు కట్టిన్రు. నేనే రెండు వాడుతున్న. తప్పు నాది."

ఆ మాట నాకు గుచ్చుకుంది. నిజం చెబుదామని నోరు తెరిచాను కూడా. అంతలో ఆయన డబ్బాను కొంచెం తిప్పుకుని, డోలక్ మీద పెట్టినట్టు మొత్తం చెయ్యి దాని మీదికి తెచ్చాడు. కళ్లు మూసుకున్నాడు.

తాళం మొదటి రెండు చుట్లు రెండు వేళ్ల మోతే వచ్చింది. మూడో చుట్టులో మధ్యవేలి మోత పడింది. దాని వెనకే ఉంగరపు వేలిది, చిటికెన వేలిది. తడబాటు లేదు. క్రిస్మస్ రికార్డులో విన్న చెయ్యి అదే.

సుగుణ చేతిలో బీడీ ఆగిపోయింది. ల్యాప్‌టాప్ తెర మీద, రబ్బరుకు ఒకటి చొప్పున ఉన్న ఐదు గళ్లూ వెలుగుతున్నాయి. దెబ్బ బలం చూపే అంకెలు పక్కనే వస్తున్నాయి. నాలుగు, ఐదు గళ్ల అంకెలు మూడోదాని కన్నా తక్కువ. ఎవరి చేతిలోనైనా ఆ రెండు వేళ్లకు బలం తక్కువే. ఇది కూడా ఆ నిమిషంలోనే రాసుకున్నాను.

ఆ గదిలో అది జరగడానికి వీల్లేదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మనసులో ఒక్కొక్కటే కొట్టేశాను. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది, చార్జరు గోడకు లేదు. వాడలో ఒక్క మగ్గమూ కదలడం లేదు. ఎర్త్ ఊడి ఉంటే అడ్డదిడ్డంగా మోగాలి, ఇలా తాళంలో మోగదు. ప్రోగ్రాం తప్పయితే ఒకే వరస తిరగాలి. ఆయన పాట మారిస్తే వరస కూడా మారుతోంది.

గూట్లో ఉన్న పౌడర్ డబ్బా అడిగి తీసుకుని ఐదు రబ్బర్ల మీదా సన్నగా చల్లాను.

"పౌడరెందుకు సారు? డబ్బకు పెండ్లా?" అంది సుగుణ.

"చెమట చూద్దామని," అన్నాను. అది రెండో అబద్ధం.

ఆయన ఇంకో పాట మొత్తం వాయించాడు. ఐదు మోతలూ వచ్చాయి. కిందికి వంగి చూశాను. మొదటి రెండు రబ్బర్ల మీద పౌడర్ చెరిగిపోయింది. మూడు, నాలుగు, ఐదు మీద చల్లింది చల్లినట్టే ఉంది. ఈగ వాలినా గుర్తు పడేంత సన్నటి పూత అది.

సామ్యేల్ ఫోన్ తీసుకుని వాకిట్లోకి పరుగెత్తాడు. "అన్నా, మోగింది. ఐదుకు ఐదు!" అన్న కేక లోపలికి వినిపించింది.

ఆయన బయట ఉండగా నేను మూడో రబ్బరును గట్టిగా కొట్టాను. మోగలేదు. నాలుగు, ఐదు కొట్టాను. మోగలేదు. గ్రేసి కూడా కొట్టి చూసింది. తెర మీద సున్నా. ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది. తర్వాత తుడుపు గుడ్డతో పౌడర్ తుడిచేసింది.

లోపలికి వచ్చి సామ్యేల్ నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "పానం పెట్టి కట్టిన్రు సారు."

నేను కట్టనిదానికి ఆ మెప్పు. డబ్బా అక్కడే వదిలి వచ్చాను. సభకు ముందు, నడుస్తున్నదాన్ని విప్పకూడదన్నది ఎక్స్ఛేంజిలో నేర్చిన నియమం. దాని కన్నా, విప్పితే ఆగిపోతుందేమోనన్న భయం ఎక్కువ.

మర్నాడు ఉదయం ఐదున్నరకే వాళ్లింటికి వెళ్లాను. అబద్ధం మీద ఆయన్ను వేదిక ఎక్కించడం నాకు ఇష్టం లేదు. ఆ వేళ కరెంటు ఉండదని తెలిసి, లైన్‌మెన్లు పూర్వం బొగ్గుల్లో కాల్చి వాడే టంకం ఇనుము తీసుకెళ్లాను. సుగుణ పొయ్యిలో దాన్ని పెట్టి, డబ్బా నాలుగు మరలూ విప్పాను.

మూడు తీగల కొసలకు నేను చుట్టిన టేపు అలాగే ఉంది. మూడు కాళ్ల ఎర్త్ టంకం అలాగే ఉంది. మీటరు పెట్టి చూశాను. బిళ్లలకూ బోర్డుకూ ఎక్కడా కలయిక లేదు.

సామ్యేల్ ముఖం కడుక్కుని వచ్చాడు. తీగలు చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నెలన్నర నుంచి అబద్ధం ఆడానని కూడా చెప్పాను.

ఆయన వంగి డబ్బా లోపలికి చూశాడు. "ఎందుకు కలపలేదు సారు?"

"నీకు పనికి రావనుకున్న."

"నేనూ గట్లనే అనుకున్న," అన్నాడు. "నిన్న రెండున్నర దాక."

బయట జీపు హారన్ మోగింది. "టంకమో గింకమో జెల్ది తేల్చుండ్రి, కొమురన్న ఒర్రుతుండు," అంది సుగుణ పొయ్యి దగ్గర నుంచి. ఇనుము ఎర్రబడింది.

"కలపమంటవా?" అన్నాను. "ఇప్పుడు కలిపితే, చూపుడువేలుతోనన్న కొట్టచ్చు. కలపకుంటే అక్కడ మోగుతయని నేను చెప్పలేను."

సామ్యేల్ తన చెయ్యి చూసుకున్నాడు. "ఉన్నది ఉన్నట్టు మూసెయ్యుండ్రి సారు."

మూసేశాను. ఇనుమును పొయ్యి పక్కన రాయి మీద చల్లారబెట్టి వచ్చాను.

సుగుణ, గ్రేసితో సహా అందరం జీపులో కథలాపూర్ మీదుగా కోరుట్ల చేరేసరికి జనం రోడ్డు మీద పొయ్యిలు వెలిగించి వంటావార్పు నిరసన మొదలుపెట్టారు. ట్రాక్టరు ట్రాలీనే వేదిక. కొమురయ్య మైకు అందుకున్నాడు. నేను సామ్యేల్ వైపు చూడలేదు. గ్రేసి పక్కన నిలబడి తెర వైపే చూశాను.

ఒక చుట్టు. రెండు గళ్లు. రెండో చుట్టు. రెండే గళ్లు. గ్రేసి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మూడో చుట్టులో ఐదూ వెలిగాయి.

కొమురయ్య పాడుతూనే వెనక్కి తిరిగి చూశాడు, తన పాటలో తన చరణమే మరిచిపోయాడు. జనం అందుకున్నారు. ఆ పాట అయిపోగానే ట్రాలీ అంచున కూర్చుని ఎవరికో ఫోన్ చేసి, "అవసరం లేదు తమ్మీ, మా డోలకాయన వచ్చిండు," అన్నాడు.

నేను ట్రాలీ నీడలో నిలబడి డైరీ తీశాను. లోపం అన్న గడిలో "లేదు" అని రాశాను. సమయం రాశాను. చేసిన పని అన్న గడిలో "ఏమీ చేయలేదు" అని రాశాను. కారణం గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. నా డైరీలన్నిటిలో ఖాళీగా ఉన్న కారణం గడి అదొక్కటే. తెలిసినవాళ్లు చెబితే రాసుకుంటాను.

సామ్యేల్ ట్రాలీ దిగి సుగుణ పక్కన కూర్చున్నాడు. కుడిచెయ్యి గాల్లో విదిలిస్తున్నాడు.

"ఏమైంది?" అంది ఆమె.

"రెండేండ్లాయె గదా అలవాటు తప్పి. ఐదు వేళ్లూ గుంజుతున్నయి."

"ఓ పెద్ద కళాకారుడు," అంది సుగుణ. తర్వాత ఆ చెయ్యిని ఒళ్లోకి లాక్కుని, వేళ్లు ఒత్తడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు దగ్గర ఆగలేదు, ఐదూ ఒత్తింది.