బడ్జ్ బడ్జ్‌లో పెట్టిన బొట్టు

సియాల్దాలో బడ్జ్ బడ్జ్ లోకల్ ఎక్కి కూర్చున్నానో లేదో, ఒళ్ళో సంచీలోంచి పసుపు కలిపిన తడి బియ్యం వాసన గుప్పుమంది. అక్షింతల డబ్బా మూత సరిగ్గా పట్టలేదు. నొక్కాను. మళ్ళీ తీసి చూశాను. కుంకుమ భరిణ ఉందో లేదోనని సంచీ అడుగుదాకా తడిమాను. ఉంది, ఎక్కడికి పోతుంది! మా అమ్మాయి పెళ్ళి పిలుపు ఫోనులో అందరికీ ఎప్పుడో వెళ్ళిపోయింది. "ఈ ఎండలో ఆ ఒక్క ఇంటికీ నువ్వే వెళ్ళాలా అమ్మా? ఫోన్ చేస్తే సరిపోదూ?" అని అది పొద్దున్నే కసురుకుంది. సరిపోదు. నేను పిలవబోయేది మాలతి మాసీని. మాసీ అంటే బెంగాలీలో పిన్ని. ఆవిడ భర్త పోయి ఏడాదైనా కాలేదు. బొట్టు పెట్టి పిలవాల్సిన మనిషి కాదంటారు మావాళ్ళు. వెళ్ళాక ఏం చెయ్యాలో నాకూ తెలియదు. ఏ స్టేషనులో రైలు ఆగినా దిగిపోదామా అనిపిస్తోంది. ఇలా కాళ్ళు నిలవని గుణం నాకు మా పైడమ్మత్త నుంచి వచ్చింది.

పైడమ్మత్త మా నాన్నకి అక్క. మేం బిలాస్‌పూర్‌లో ఉండేవాళ్ళం. వేసవి సెలవులొస్తే నాన్న రైల్వే పాసు రాయించి మమ్మల్ని లిలువాకి తీసుకొచ్చేవాడు. తాతయ్య రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యాక కొన్న రెండు గదుల ఇంట్లో అత్త, ఆవిడ కూతురు రాజీ వదిన ఉండేవాళ్ళు. వర్క్‌షాపులో పనిచేసే ఒంటరి కుర్రాళ్ళకి అత్త వండి క్యారేజీలు కట్టేది. అత్త కూర్చుని తినడం నేనెప్పుడూ చూడలేదు. కంచం చేత్తో పట్టుకుని, గుమ్మంలో నిలబడి, వీధిలో పోయేవాళ్ళందర్నీ పలకరిస్తూ తినేది. కరెంటు పోతే విసనకర్ర పట్టుకుని కూడా ఇల్లంతా తిరుగుతూ విసురుకునేది. నుదుటి మీద మాత్రం రూపాయి కాసంత బొట్టు. మామ, వదిన పసితనంలోనే, బడ్జ్ బడ్జ్‌లో జనపనార మిల్లు పనికి వెళ్ళాడు. మొదట్లో శనివారం శనివారం వచ్చేవాడట. తరవాత పండగలకి. ఆ తరవాత రాలేదు. అక్కడ మాలతి అనే బెంగాలీ ఆవిడతో కాపురం పెట్టాడని లిలువాలో అందరికీ తెలుసు.

నాకు పదమూడేళ్ళప్పుడు, ఆ వేసవిలో, రాజీ వదినకి ఖరగ్‌పూర్ సంబంధం కుదిరింది. మేం రైలు దిగి సామాన్లైనా విప్పలేదు, పెళ్ళికొడుకు పెదనాన్న కబురొచ్చింది. పిల్ల తండ్రి పీటల మీద కూర్చోవాలి, లేదా పోయాడని చెప్పాలి. ఎక్కడో ఉన్నాడు, రాడు అంటే తమకి కుదరదట. ఆ మాటతో ఇల్లంతా ఉడికిపోయింది.

"ఎవులికి తెలుస్తాదప్పా? పోనాడని ఒక్క మాట అనీ. పీటల మీద మేం కూకుంటాం," అన్నాడు నాన్న.

అత్త ఉల్లిపాయలు తరుగుతున్న కత్తిపీట మీంచి లేచిపోయింది. "బతికున్నోడిని సంపీమంటావేటిరా? మరి నా బొట్టు కూడా నువ్వే తుడిసీ!"

"పోనీ ఆయన్నే పిలుద్దాం," అంది అమ్మ.

గదిలోంచి వదిన గొంతు వినిపించింది. "ఆయన పీటల మీద కూకుంటే నాను గదిలోంచి లెగను. సెప్తన్నాను!"

అత్త తరగాల్సిన ఉల్లిపాయలు అలాగే వదిలేసి, కుంకుమ భరిణ తీసి నా చేతిలో పెట్టింది. "ఏటే గుంటా, అలా సూస్తావు? సెప్పులెయ్యి. పిలుపులకెల్దాం."

అబ్బ, ఆ తిరగడం! మెటియాబ్రుజ్‌లో కిటకిటలాడే బస్సు దిగి, కుట్టుమిషన్ల చప్పుడు మధ్య సందులన్నీ తిరిగాం. రేవులో పనిచేసే తెలుగు క్రైస్తవుల ఇంటికెళ్తే, భరిణ సంచీలో దాచేసి, వాళ్ళు ప్రార్థన చేస్తుంటే కొంగు తలమీద కప్పుకుని నిలబడింది. అయ్యాక, "ఆమెన్. పెల్లికి మాత్రం పొద్దున్నే రావాల," అంది. వాళ్ళు పకపకా నవ్వారు. ఎక్కడా కూర్చోదు. టీ ఇస్తే నిలబడే ఊదుకుని తాగేసేది. మామ వస్తున్నాడా అని ఎవరడిగినా, "నాను పిలిసిన వోలందరూ వొస్తారు," అనేసి మెట్లు దిగేది. నేను మాత్రం ఇళ్ళు లెక్కపెట్టుకునేదాన్ని. వదిన పెళ్ళి ఆగిపోతే ఈ పిలిచిన ఇళ్ళన్నిటికీ మళ్ళీ వెళ్ళి వద్దని చెప్పాలా?

చివరి పిలుపు బడ్జ్ బడ్జ్. రైలెక్కాకగాని నాకు చెప్పలేదు. మిల్లు గోడ పక్కన, ఎర్రజెండా గుర్తులు రాసిన గోడల వెంట నడిచి, ఒక పెంకుటింటి ముందు ఆగింది. తలుపు తీసినావిడకి అత్త కన్నా వయసు తక్కువ. చేతులకి శంఖు గాజులు, పాపిట్లో సిందూరం. ఎవరని అడగలేదు. అత్త బొట్టు చూసి, నన్ను చూసి, గుమ్మం పట్టుకుంది. మామ డ్యూటీలో ఉన్నాడు. అది కనుక్కునే అత్త ఆ వేళకి వచ్చిందని తరవాత తెలిసింది.

"అమార్ మేయేర్ బియే," అంది అత్త. మా అమ్మాయి పెళ్ళి అని. తరవాత బెంగాలీలోనే, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పింది. "నిన్ను పిలవడానికొచ్చాను. ఆయన్ని పిలవలేదు."

భరిణ తీసి, కుంకుమలో వేలు అద్దింది. మాలతి తల వంచింది. వాళ్ళ ఆడవాళ్ళు ఒకరికొకరు పాపిట్లో పెట్టుకుంటారు కదా, ఆ అలవాటుకొద్దీ పాపిట చూపిస్తూ వంచింది. అత్త వేలు గాలిలో ఆగిపోయింది. మన పద్ధతిలో నుదుటి మీద పెడితే, అది పిలుపుకి పెట్టిన బొట్టు. ఆ పాపిట్లో పెడితే, తన మొగుణ్ణి ఈవిడ మొగుడని తన చేత్తో ఒప్పుకున్నట్టు. అత్త పాపిట్లో పెట్టింది. "ఆస్తే హోబే," తప్పకుండా రావాలి అనేసి, వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది.

రైల్లో సీట్లు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడింది. "అక్కడెందుకు పెట్టావత్తా?" అన్నాను.

"తల వొంచీసింది కదే. అప్పుడు నుదురెతుక్కుంటానేటి?" కొంగుతో మొహం తుడుచుకుంది. "పెట్టకపోతే మాత్రం ఆడు తిరిగొచ్చీస్తాడేటి?"

పెదనాన్న కబురుకి "పందిట్లోనే సెప్తాను" అని మాత్రం అత్త బదులు పంపింది. పెళ్ళినాడు మా అమ్మా నాన్నా పీటల మీద కూర్చున్నారు. పెళ్ళికొడుకు పెదనాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ, పందిట్లో అందరికీ వినబడేలా అడిగాడు. "పిల్ల తండ్రేడీ?" సరిగ్గా అప్పుడే మాలతి ఎర్రంచు తెల్లచీరలో, చేతిలో మిఠాయి కుండతో పందిట్లోకి వచ్చింది. అత్త ఎదురెళ్ళి, చెయ్యి పట్టుకుని ఆయన ముందుకి తీసుకొచ్చింది.

"నా పెనిమిటి ఈయమ్మతో ఉంటన్నాడు. బతికే ఉన్నాడు. నాను పిలవలేదు, అందుకే రాలేదు. ఉన్నది సెప్పినాను. పిల్లని సేసుకుంటారో మానుకుంటారో తాళి కట్టకముందే సెప్పండి."

సన్నాయి ఆగిపోయింది. పెదనాన్న లేచాడు. మా నాన్న తల దించుకున్నాడు. అయిపోయింది, అనుకున్నాను. అప్పటిదాకా నోరు విప్పని పెళ్ళికొడుకు తల్లి అక్షింతల పళ్ళెం కింద పెట్టింది.

"కూకోండి బావగారూ. ఉన్నది దాసీవోలైతే ఈయమ్మని ఇక్కడికి తేరు."

ఆయన ఇంకాసేపు నిలబడి చూశాడు. పెళ్ళికొడుకు కదల్లేదు. చివరికి ఆయనే గొణుక్కుంటూ కూర్చున్నాడు. వదినని తీసుకొచ్చారు. పెళ్ళయింది.

భోజనాల వేళ మాలతి అత్త చెవిలో ఏదో చెప్పింది. మామ వచ్చి సందు చివర నిలబడ్డాడట. అత్త చేతిలో పులుసు బకెట్టు. ఒక్క క్షణం ఆగి, "ఖాబార్ ఆఛే. పీడీ నేయీ," అంది. అన్నం ఉంది, పీట లేదు అని. అదే మాట చెప్పి మాలతి ఆయన్ని తీసుకొచ్చింది. ఆఖరి వరసలో నేల మీద కూర్చున్నాడు. అత్త అందరినీ అడిగినట్టే ఆయన్నీ ఇంకొంచెం వెయ్యనా అని అడిగి, వేసి, ముందుకెళ్ళింది. తరవాత పెరట్లో కుళాయి తిప్పుకుని నిలబడిపోయింది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుంటే, "ఏడుపొస్తందే గుంటా," అంది. "ఇంకా పెరుగొడ్డించాల." కళ్ళు తుడుచుకుని పరుగెత్తింది.

నేను పెళ్ళయి ఈ ఊరికే వచ్చాను. అత్త చివరి జబ్బులో మాలతి మాసీ బడ్జ్ బడ్జ్ నుంచి గంజి కాచి తెచ్చేది. అత్త బొట్టుతోనే పోయింది. ఆ భరిణ రాజీ వదిన నాకిచ్చింది. ఎవరి గుమ్మంలోనైనా దాన్ని తెరిచినప్పుడల్లా గాలిలో ఆగిపోయిన ఆ వేలే గుర్తొస్తుంది.

రైలు దిగాను. మిల్లు గోడ అదే. తలుపు తీసింది మాసీ. శంఖు గాజులు లేవు, పాపిట తెల్లగా ఉంది. భరిణ చూడగానే పాత అలవాటున తల వంచింది. అంతలోనే గుర్తొచ్చి, "నా, నా" వద్దంటూ కొంగు తలమీదికి లాక్కుంది. నా వేలు గాలిలో ఆగింది. ఆవిడ గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, నుదుటి మీద పెట్టాను, అత్త పెట్టుకునేంత బొట్టు.

"ఆస్తే హోబే, మాసీ."

ఆవిడ వేలితో తడుముకుని, వేలికంటిన ఎరుపు చూసుకుంది. బోసినోటితో "పీడీ ఆఛే?" పీట ఉందా అని అడిగింది.

"ఆఛే," అన్నాను. "ముందు వరసలో."