నలభై ఒకటో రాయి

రక్షిత అడవి హద్దులో ముప్ఫయ్యో నంబరు నుంచి యాభై ఎనిమిదో నంబరు వరకు ఉన్న రాళ్లన్నీ ఆమె బాధ్యత. పంతొమ్మిదేళ్లుగా ఫారెస్టు గార్డు ఉద్యోగం చేస్తోంది. ఏటా వానలకు ముందు భుజాన సున్నపు డబ్బా, చేతిలో నల్లరంగు, కుంచె పట్టుకుని కొండెక్కి, ఒక్కో రాయికీ తెల్లగా సున్నం పూసి నంబరు మళ్లీ దిద్ది వస్తుంది. ఆఫీసులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ రాళ్లక్క.

ఆ ఏడు సున్నం వేస్తూ నలభై దాటి నలభై రెండు దగ్గర తేలింది. మధ్యది లేదు. వాగు పక్కన, పచ్చిక అంచున, మోకాలెత్తున ఉండాల్సిన రాయి. దాని చోట కొత్తగా కోసిన గడ్డి, రంగు గొడుగుల కింద కుర్చీలు ఉన్నాయి. కింద ఉన్న లాడ్జి తన పచ్చికను అక్కడిదాకా పాకించి చుట్టూ ఇనుప వల కట్టింది. శిఖరానికి పోయే కాలిబాటకు అడ్డంగా గేటు, గేటుకు తాళం. ఆ బాట ఎవరబ్బ సొత్తూ కాదు. కొండ చూడాలనుకున్న ప్రతివాడూ దాని మీదే నడిచాడు.

రాళ్లక్క ఆ సాయంత్రమే రిపోర్టు రాసింది. నెల తర్వాత జవాబు వచ్చింది. "కొండచరియ విరిగి రాయి కొట్టుకుపోయి ఉండవచ్చును. పరిశీలించి తెలుపగలరు." ఆ పక్కన చరియ విరగలేదని మళ్లీ రాసింది. రిపోర్టు పాత నమూనాలో ఉందని, కొత్త నమూనాలో పంపమని తిప్పి పంపారు. కొత్త నమూనాలో పంపింది. ఫోటో జతచేయలేదన్నారు. లేని రాయికి ఫోటో ఎలా తీయాలో ఎవరూ చెప్పలేదు. చివరికి ఖాళీ గడ్డిని ఫోటో తీసి పంపింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఇంట్లో ఈ మాటెత్తడానికి లేదు. ఆమె ఆడపడుచు ఆ లాడ్జిలోనే పని చేస్తుంది. గదులు తుడవడం, దుప్పట్లు మార్చడం, కాళ్లు తుడుచుకునే పట్టాలు ఉతకడం ఆమె పని.

"మా యజమాని మంచివాడు వదినా. నువ్వు ఊరికే ఆయన మీద పడుతున్నావ్" అనేది ఆడపడుచు.

"మంచివాడైతే గేటు తియ్యమను."

"ఆ సంగతి నాకెందుకు? నా గదులు నావి, నీ రాళ్లు నీవి."

ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపే రాళ్లక్క భర్త, చెల్లెలికీ పెళ్లానికీ మధ్య అడకత్తెరలో పోకచెక్క. మలుపులో ఎదురుగా లారీ వచ్చినప్పుడు ఎలా ఉంటాడో, వీళ్లిద్దరూ ఒక చోట కూర్చున్నప్పుడూ అలాగే ఊపిరి బిగబట్టి ఉండేవాడు.

ఒక రోజు లాడ్జి మెట్ల మీద ఆడపడుచు కాలు మడతపడింది. ఇంటికి తీసుకురావడానికి రాళ్లక్క వెళ్లింది. వెనక పెరట్లో కుళాయి పక్కన కూర్చోబెట్టారు. ఆమె చీలమండకు తడిగుడ్డ చుడుతూ రాళ్లక్క చెయ్యి ఆనించడానికి పక్కనున్న ఉతికే రాయి మీద వేసింది. సబ్బునురగ కింద వేళ్లకు గాడి తగిలింది. నురగ తుడిచి చూసింది. నాలుగు, ఒకటి. ఉలితో చెక్కిన అంకెలు. పంతొమ్మిదేళ్లు తాను రంగు దిద్దిన అంకెలు.

"ఇదెప్పటినుంచి ఉందిక్కడ?"

"గడ్డి వేసినప్పుడు తెచ్చి పడేశారు. దీని మీదే పట్టాలు బాదుతా" అంది ఆడపడుచు. వదిన ముఖం చూశాక గొంతు తగ్గించింది. "ఎందుకలా చూస్తావ్? నాకేం తెలుసు?"

మర్నాడు రేంజరును వెంటబెట్టుకెళ్లి చూపించింది రాళ్లక్క. అతను కుర్రవాడు, చెడ్డవాడు కాదు. వంగి చూసి నిట్టూర్చాడు. "రాయి దొరికింది సరే. అది ఫలానా చోటే ఉండేదని ఎవరు చెప్పాలమ్మా? పటంలో వాగును బట్టి హద్దు గీశారు. వాగు ఇప్పటికి రెండుసార్లు దారి మార్చింది."

"నేను చెబుతా సార్."

"మీ మాట సరిపోదు."

పంతొమ్మిదేళ్ల మాట సరిపోదన్న సంగతి ఆమెను రాయి పోయినదాని కంటే ఎక్కువ కుంగదీసింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కలిపింది కలిపినట్టే వదిలేసింది.

అప్పుడు ఆమెకు గొలుసు తాత గుర్తొచ్చాడు. సర్వే శాఖలో భూమి కొలిచే ఇనుప గొలుసు లాగి రిటైరైన ముసలాయన. కళ్లు సరిగా కనబడవు గానీ జ్ఞాపకం చెక్కు చెదరలేదు. ఆమె చెప్పినదంతా విని, "పిచ్చిదానా, రాయి కోసం ఏడుస్తావెందుకు? బొగ్గు కోసం తవ్వు" అన్నాడు.

"బొగ్గేంటి తాతా?"

"రాయి నాటే ముందు గుంట చదరంగా తవ్వి, అడుగున తట్టెడు బొగ్గు పోసేవాళ్లం. బొగ్గు కుళ్లదు, చెద పట్టదు. రాయినైతే ఎవడైనా మోసుకుపోతాడు. మట్టి కింద బొగ్గుందని ఎవడికి తెలుసు?"

తవ్వడానికి అనుమతి కావాలి. అనుమతికి నాలుగు నెలలు పట్టింది. సర్వేయరు వచ్చే రోజు రెండుసార్లు మారింది. మూడోసారి వచ్చాడు, పొడుగ్గా, మాట తక్కువ మనిషి. లాడ్జి యజమాని గొడుగు కింద అందరికీ టీ ఇప్పించాడు. "అక్కయ్యగారూ, గడ్డి పాడు కాకుండా చూడండి" అన్నాడు నవ్వుతూ. సర్వేయరు టీ తాగలేదు. రాళ్లక్కా తాగలేదు.

ఆమె చూపిన చోట తవ్వారు. ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. రెండడుగులు పక్కకు తవ్వారు. గులకరాళ్లు వచ్చాయి. చినుకులు మొదలయ్యాయి. గదుల్లోని అతిథులు వరండాలో నిలబడి ఫోన్లలో ఫోటోలు తీస్తున్నారు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే అన్నాడు ఒక కూలీ. రాళ్లక్క వినలేదు. నలభయ్యో రాయి దగ్గరికి పోయి, అక్కడి నుంచి నలభై రెండో రాయి వైపు చూస్తూ, తానే కాళ్లతో కొలుచుకుంటూ వచ్చి ఒక కుర్చీ దగ్గర ఆగింది. కుర్చీ లాగేసి, "ఇక్కడ" అంది.

నడుము లోతు పోయాక పార నల్లగా బయటికొచ్చింది.

"ఎవరో చలిమంట వేసుకుని ఉంటారు" అన్నాడు యజమాని.

సర్వేయరు గుంటలోకి దిగి చేత్తో మట్టి తీశాడు. నాలుగు మూలలు తేలాయి. "చలిమంట ఇంత లోతున, ఇంత చదరంగా వెయ్యరండీ" అన్నాడు. ఆ రోజంతా ఆయన మాట్లాడింది అదొక్కటే.

అదే సాయంత్రం ఆడపడుచు రాయి ఎప్పుడు తెచ్చారో, ఎవరు మోశారో చెప్పి కాగితం మీద సంతకం పెట్టింది. ఎవరూ అడగలేదు, తనే ఆఫీసుకు వచ్చింది. వారం తిరగకుండా లాడ్జిలో ఆమెను పనిలోంచి తీసేశారు.

గెలిచామనుకుంది రాళ్లక్క. ఎనిమిది నెలలు ఎదురుచూసింది. ఆ తర్వాత ఉత్తర్వు వచ్చింది. ఆక్రమణ నిజమేనట. అయితే వల, గేటు లాంటి కట్టడాలున్నందున ఆ పచ్చికను లాడ్జికి వదిలి, బదులుగా లాడ్జివారికి కొండ అవతల ఉన్న అంతే విస్తీర్ణం గల భూమిని రక్షిత ప్రాంతంలో కలుపుతున్నారట. గార్డు హద్దు చూసినట్టు సంతకం పెడితే సరి.

"అవతల ఉన్నది నిలువు చరియ సార్. దాని మీద మేక కూడా నిలబడదు" అంది.

"విస్తీర్ణం సమానం అమ్మా" అన్నాడు రేంజరు, ఆమె వైపు చూడకుండా.

"పచ్చిక మీద జింకలు దిగేవి. చరియ మీదకి మీరూ నేనూ దిగుదామా?"

అతను కాగితం ఆమె వైపు జరిపాడు. ఆమె వెనక్కి జరిపింది. మూడు రోజులు అలాగే జరిగింది.

మూడో రాత్రి భర్త పక్కన కూర్చున్నాడు. "నువ్వు పెట్టకపోతే ఇంకొకరి చేత పెట్టిస్తారు. పెట్టేదేదో, చేతికి అందినంత లాక్కుని పెట్టు" అన్నాడు.

"మీరూ వాళ్ల వైపేనా?"

"నేను బస్సు వైపు. లోయలో పడకుండా ఎంత మిగిలితే అంత చూస్తా."

ఆ మాటకు కోపమొచ్చింది, తెల్లవార్లూ ఉంది. ఉదయం ఆఫీసుకు వెళ్లి, శిఖరానికి పోయే కాలిబాట ఆరడుగుల వెడల్పున ఎప్పటికీ జనానిదేనని ఉత్తర్వులో రాస్తే తప్ప పెన్ను ముట్టనంది. రేంజరు ఏమనుకున్నాడో, తనే పట్నం వెళ్లి ఆ వాక్యం చేర్పించుకొచ్చాడు. ఆమె సంతకం పెట్టింది. పెట్టి బయటికొచ్చి, సున్నపు డబ్బాను గోడకేసి తన్నింది.

గేటు పోయింది. దాని చోట "అతిథులకు మాత్రమే" అన్న బోర్డు వచ్చింది. రాళ్లక్క ఊడదీసింది. పది రోజులకు మళ్లీ వచ్చింది, మళ్లీ ఊడదీసింది. ఇప్పటికి ఏడు బోర్డులు ఆఫీసు షెడ్డులో ఉన్నాయి. ఒక్కోదానికీ ఒక్కో రిపోర్టు, కొత్త నమూనాలో, ఫోటోతో సహా. ఒక్కదానికీ జవాబు లేదు. బాటకు రెండు పక్కలా వల ఉంది. ఆ వల మధ్య నుంచి జనం వరసగా నడుస్తుంటే సంతకు పోయే గొర్రెల్లా కనిపిస్తారు. అలా ఉన్నా నడుస్తున్నారు.

పని పోయిన ఆడపడుచు ఆ బాట మొదట్లో టీ బండి పెట్టుకుంది. మొదటి రోజే రాళ్లక్క వెళ్లి చూసింది.

"బండి ముందు చక్రాలు రక్షిత భూమిలో ఉన్నాయి. నాలుగడుగులు వెనక్కి జరుపు."

ఆడపడుచు గరిటె పట్టుకుని అలాగే చూసింది. "నీ కోసం ఉన్న పని పోగొట్టుకున్నా వదినా. నాలుగడుగులకి కూడా నోచుకోలేదా నేను?"

కొండంత పచ్చిక పోతుంటే ఆపలేనిదానికి, ఈ బండి చక్రాల మీద పెత్తనమేమిటని రాళ్లక్కకే అనిపించింది. అనిపించినా అక్కడి నుంచి కదల్లేదు. కాసేపటికి ఆడపడుచే పొయ్యి ఆర్పి, "పట్టు, ఒక్కదాన్నీ లాగలేను" అంది. ఇద్దరూ చెరో పక్క పట్టి బండిని హద్దు ఇవతలకు లాగారు.