జగ్గారావు గారికి నచ్చని బుక్‌మార్క్

ఈ ఉదయం కిటికీ తీయగానే జీడిపిక్కల బట్టీ పొగ ఘాటుగా గొంతులోకి దిగింది. పలాసలో ఉన్నవాళ్ళకి అది కొత్త కాదు. మా పాత ఆఫీసు అలాంటి బట్టీ పక్కనే ఉండేది కాబట్టి, నాకు మాత్రం ఆ ఘాటు తగిలిందంటే చాలు, వెనకనుంచి ఎవరో "ఏటమ్మా, అయిపోనాదా?" అని అడుగుతున్నట్టే ఉంటుంది. వెంటనే చిరాకు పుడుతుంది. అలా అడిగే మనిషి జగ్గారావు గారు, నా మొదటి బాస్. ఆయన పోయి రెండేళ్ళవుతోంది. చిరాకు మాత్రం పోలేదు.

టెక్కలిలో కోర్టు పక్కన చాలాకాలం టైపింగ్ చేసి, తరువాత పలాసలో ముగ్గురు ప్రోగ్రామర్లతో చిన్న కంపెనీ పెట్టారాయన. పొడవాటి తెలుగు పత్రాలు రాసుకోవడానికి ఒక ఎడిటర్ తయారుచేయడం మా పని. వందల పేజీల మధ్య కావలసిన చోట గుర్తు పెట్టుకుని, మళ్ళీ ఒక్క నొక్కుతో అక్కడికి వెళ్ళే బుక్‌మార్క్ సౌకర్యం నా వంతుకి వచ్చింది. త్వరగానే చేసేశాను. గుర్తుల పేర్లన్నీ పక్కన వరసగా కనబడతాయి, పేరు నొక్కితే ఆ చోటు వచ్చేస్తుంది. నా మటుకు నాకు అందులో లోపమేమీ కనబడలేదు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని ఒక పేరు నొక్కారు.

"ఎల్లింది. బాగుంది. మరి నానిందాక రాత్తన్న కాడికి ఎలగొత్తాను?"

"అక్కడ కూడా ఒక బుక్‌మార్క్ పెట్టుకుంటే సరిపోద్ది కద సర్."

"ఎల్లేముందు గుర్తు పెట్టుకోవాలని గుర్తుంటే, నీ బుక్‌మార్కెందుకమ్మా నాకు?"

వెనక్కి వచ్చే బటన్ పెట్టాను. తరువాత, గుర్తు ఉన్న పేరాను చెరిపేస్తే గుర్తు కూడా మాయమైపోతోందని పట్టుకున్నారు. అన్ని ఎడిటర్లూ అంతేనని వాదించాను. "సెప్పకుండా మాయమైపోతే ఎలగమ్మా? పోనాదని ఒక ముక్క సెప్పాల" అన్నారు. అదీ చేశాను. ఆయన చెప్పినవన్నీ మంచికే వచ్చాయనుకోకండి. గుర్తులన్నీ ఎర్రగా ఉండాలని పట్టుబట్టి పెట్టించారు. ఆయనకి కోర్టు దగ్గర పరిచయమున్న వకీళ్ళకి చూపిస్తే, అందరూ అవి అచ్చుతప్పుల్లా ఉన్నాయని విసుక్కున్నారు. ఎరుపు తీసేయమన్న రోజున, అదేదో నా ఆలోచనే అయినట్టు నావైపు చూశారు.

ఆయనది కంచిలి దగ్గర పల్లెటూరు. ఆ ఉద్దానం ప్రాంతంలో ఎంతోమందికి జరిగినట్టే ఆయనకీ కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కి వెళ్ళడం మొదలయ్యాక నా మీద ఒత్తిడి తగ్గుతుందనుకున్నాను, పెరిగింది. ఎడమచేతికి సూదులు, ఒళ్ళో లాప్‌టాప్, అక్కడినుంచే ఫోన్లు. సరిగ్గా అప్పుడే టెక్కలిలో ఒక వకీళ్ళ ఆఫీసు మా ఎడిటర్ తీసుకుంటామంది. నెలాఖరులోగా ఇవ్వాలంది. అంతా సిద్ధమనుకున్న రోజున ఆయన ఫోన్ చేసి, ఇవ్వొద్దన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉద్యోగం మానేస్తానని మొహాన చెప్పేద్దామని నేరుగా డయాలసిస్ సెంటరుకే వెళ్ళాను.

ఆయన మంచం మీదనుంచే లాప్‌టాప్ నావైపు తిప్పారు. "బుక్‌మార్క్ కాడికెల్లడానికి మూడు కీలు ఒక్కసారే నొక్కమన్నావు. ఒంటిసేత్తో ఎలగ? నువ్వు నొక్కు, సూద్దాం."

ఒక్క చేత్తో నొక్కబోయాను. వేళ్ళు అందలేదు.

"మీకోసం మార్చేస్తాను సర్" అన్నాను జాలిగా.

ఆయనకి కోపం వచ్చింది. "నాకోసమేటి? సంటిపిల్లని ఎత్తుకున్న తల్లికి ఎన్ని సేతులుంతాయి? టీ తాగుతా పనిసేసుకున్నోడికో? నామీద జాలిపడి మారిత్తే, నాను పోయాక మళ్ళీ ఎప్పట్లాగే సేసేత్తావు."

ఉద్యోగం మానేయకుండా ఆఫీసుకి తిరిగొచ్చి ఆ పనే మొదలుపెట్టాను. గడువు దాటిపోయింది, వకీళ్ళు వేరే ఎడిటర్ కొనుక్కున్నారు. మాలో ఒకతను విసిగిపోయి విశాఖ వెళ్ళిపోయాడు. ఒక్క చేత్తో ముందుకీ వెనక్కీ వెళ్ళగలిగేలా అంతా తిరగరాసేసరికి వర్షాలు మొదలయ్యాయి. జగ్గారావు గారు ఒక పొడవాటి పత్రం తెరిచి అందులో అటూ ఇటూ చాలాసేపు తిరిగి, "మరిదేటో ముందే సెయ్యొచ్చు కద" అన్నారు. మెచ్చుకోలు అంతే. ఆ ఎడిటర్ తరువాత కొన్నిచోట్ల అమ్ముడైంది, పెద్దగా పేరేమీ రాలేదు.

ఇప్పుడు ఇంటినుంచే వేరే కంపెనీకి పనిచేస్తున్నాను. అక్కడ ఆయన పేరు ఎవరికీ తెలియదు. ఏ కొత్త సౌకర్యం చేసినా, పంపేముందు ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా వాడి చూస్తాను. ఎక్కడో ఒకచోట ఆ చెయ్యి తనంతట తనే పైకి లేస్తుంది. ఆయన్ని తిట్టుకుంటూ, ఆ భాగం చెరిపేసి మళ్ళీ రాస్తాను.