సులోచనక్క గీసిన జాతర బాట

సులోచన టీచర్ పరమపదించారన్న వార్త మొన్న మంగళవారం ఉదయం నా ప్రెస్సుకు చేరింది. కబురు తెచ్చిన స్కూలు అటెండరు రాజయ్య గుమ్మంలోనే నిలబడి, "సార్, టీచరమ్మ పోయింది. పొద్దుగాల, దవాఖానల" అన్నాడు. నా చేతిలో పెండ్లిపత్రిక ప్రూఫు ఉంది. దాన్ని చివరిదాకా దిద్ది, కంపోజిటరుకిచ్చి, ఆ తర్వాతగానీ కూర్చోలేకపోయాను. దుఃఖం కన్న ముందు నన్ను ఆవరించింది భయం. ఆ భయం ఎందుకో చెప్పకుండా ఆ మహనీయురాలికి నివాళి రాయడం నాకు సాధ్యం కాదు.

వరంగల్‌లోని ఒక బాలికల పాఠశాలలో ఇరవై ఏండ్లకు పైగా సాంఘికశాస్త్రం బోధించిన ఉపాధ్యాయినిగా ఆమెను ఎరిగినవారు ఈ ఊళ్లో అసంఖ్యాకులు. ఆటలను స్వయంగా కల్పించి, గీసి, అచ్చువేయించి, అతికించి, అంగళ్లకు తానే మోసుకెళ్లిన కళాకారిణిగా ఎరిగినవారు బహు కొద్దిమంది. అష్టాచెమ్మా, వైకుంఠపాళి ఉండనే ఉన్నాయి కదక్కా, కొత్తవి దేనికి అని మొదట్లో అడిగాను. "అవి ఆడుకుంటనే పెరిగినం తమ్మీ. మన తొవ్వలు, మన బండ్లు, మన వాగులు ఉన్న ఆట ఏడుంది?" అన్నారు.

కొత్త ఆటకు తొలి పరీక్ష నా ప్రెస్సు వెనుక గదిలో జరిగేది. మమ్మల్ని నలుగురిని కూర్చోబెట్టి ఆమె గోడకానుకుని నిలబడేవారు. అట్టను కాదు, మా ముఖాలను చూసేవారు. ఎవరైనా ఆవులిస్తే ఆ గడిలో పెన్సిలుతో సున్నా చుట్టేవారు. ఒకసారి నేను వరుసగా మూడాటలు గెలిచి మీసం దువ్వుకుంటుంటే, నెల రోజులు శ్రమించి చేసిన ఆ అట్టను నా ఎదుటనే చింపేశారు. "తెలివిగల్లోడే గెలిస్తె అది పరీక్ష. ఓడినోడు ఇంకొక్కసారి అంటెనే ఆట" అన్నది ఆమె మాట.

జాతర బాట అన్న ఆట ఆమె ప్రతిభకు పరాకాష్ఠ. తరగతిలోని పల్లె పిల్లలను అడిగి, ఏ ఊరి ఎడ్లబండి మేడారం జాతరకు ఎట్లా పోతుందో, ఎక్కడ వాగు దాటాలో, ఎక్కడ చక్రం దిగబడుతుందో రెండేండ్లు రాసుకున్నారు. అట్ట నాలుగు మూలల నుంచి నాలుగు బండ్లు అమ్మలకు మొక్కు బెల్లం మోసుకుని బయలుదేరుతాయి. చింతగింజలు వేసి నడపాలి. ఎర్రచుక్క ఉన్న గడిలో బండి విరుగుతుంది. వెనుక వచ్చినవాడు ఆగి చేయి వేస్తేనే ఇద్దరూ కదులుతారు. ఎవరినీ ఆదుకోకుండా ముందు చేరినవాడికి గెలుపు లేదు.

నా ట్రెడిల్ మిషను పెండ్లిపత్రికలకు సరిపోయేంతే. అందుకని చెక్క బ్లాకులు చెక్కించి, అట్టను నాలుగు ముక్కలుగా అచ్చువేసి, గుడ్డ మీద మైదా గంజితో అతికించాం. అంచు పొడుగునా ఆమె వాగు గీయడంతో ప్రెస్సు పేరుకు చోటు మిగలలేదు. "పేరు లేకుంటె ఏమన్న అయితదా తమ్మీ?" అని ఆమె అడిగారు. అచ్చయిన ప్రతి కాగితం మీద ప్రెస్సు పేరు ఉండి తీరాలని చట్టం. అది తెలిసి కూడా, "ఆడుకునే అట్టకు పేరెందుకక్కా" అన్నాను. ఆ తప్పు నాది.

అవి ఎమర్జెన్సీ రోజులు. మేడారం పోయే బస్సులను పోలీసులు దారిలో ఆపి సోదా చేసేవారు. ఒక ప్రయాణికుడి సంచిలో మా అట్ట దొరికింది. అడవి దారులు, వాగులు, అంకెలు, ఎర్రచుక్కలు. అచ్చువేసినవాడి పేరు లేదు. అడవిలో తలదాచుకున్నవారి కోసం గీసిన నక్షా అనుకుని, అమ్మిన అంగడిని పట్టుకుని ఆమె పేరు తెలుసుకున్నారు.

మరునాడు పదకొండు గంటలకు రాజయ్య పరుగెత్తుకొచ్చాడు. "టీచరమ్మను జీపుల ఎక్కిచ్చుకపోయిండ్రు సార్, క్లాసు నడుస్తుండంగనే. ఆ బండ్ల అట్ట చేతుల వట్టుకొని, అచ్చేసినోడెవడని అడుగుతాండ్రు."

బ్లాకులు పొయ్యిలో పెట్టాను. మిగిలిన అట్టలు చింపి వాటి మీద వేశాను. నా భార్య పొగలో నిలబడి, "అక్క కాడికి పోవా?" అని అడిగింది. "పోతె నన్ను గూడ కూసుండవెడ్తరు" అన్నాను. మధ్యాహ్నం రైలుబండికి కేసముద్రం వెళ్లి, బావమరిది ఇంట్లో మిర్చి బస్తాల గదిలో ఐదు రోజులు ఉన్నాను. పక్కనున్న మార్కెట్ యార్డుకు వచ్చే ప్రతి లారీ చప్పుడుకూ బస్తాల వెనక్కి జరిగేవాణ్ణి. ఆమెను కొడుతున్నారేమోనని ఒకసారి, కొడితే నా పేరు చెబుతారేమోనని పదిసార్లు అనుకున్నాను. ఇంత నీచంగా ఆలోచించగలనని అంతకుముందు నాకు తెలియదు.

విడిచిపెట్టారని తెలిశాక తిరిగి వచ్చాను. రెండో రోజు ఆమే ప్రెస్సుకు వచ్చారు. చేతివేళ్ల కొసలు చీరుకుపోయి ఉన్నాయి.

"ఏడికి పోయినవ్ తమ్మీ?"

"చెల్లెకు పానం బాగలేదంటె పోయినక్కా."

నాకు చెల్లెలు లేదని ఆమెకు తెలుసు. అయినా, "ఇప్పుడు మంచిగున్నదా?" అని అడిగారు. ఉన్నదన్నాను.

తర్వాత ఆమె నెమ్మదిగా చెప్పారు. "అచ్చేసినోని పేరు అడిగిండ్రు. నేనే చేతితోని అద్దిన అన్న. నమ్మలే. అయితె గీయి అని చాక్‌పీసు ఇచ్చిండు ఆ ఆఫీసరు, బండల మీద. నూట ముప్పై రెండు గడులు. గీసిన. కడిగిచ్చి మల్ల గీయమన్నడు. మూడు దినాలల్ల నాలుగుసార్లు. వేళ్లు చీరుకపోయి గీతలు వంకరపోయినయ్ గని గడి తప్పలే. ఒక్క చుక్క అటిటు అయితె, వేరేటోళ్లు గీసిన్రనుకుంటడని భయం."

ఐదోసారి గీయమనలేదట. ఆ అధికారి కుర్చీ దిగి గచ్చు మీద కూర్చుని, ఎట్లా ఆడాలో చెప్పమన్నాడట.

"ఆడినం తమ్మీ. నేను గెలిస్తె ఏం జేస్తడో తెల్వదు, ఓడితె ఏం జేస్తడో తెల్వదు. అసొంటి ఆట నేనెన్నడు ఆడలే. నా బండి ఎర్రచుక్క కాడ విరిగింది. ఆయనది ఎనకనే వచ్చింది. ఇప్పుడేం జెయ్యాలె అన్నడు. మీరు చెయ్యి వెయ్యాలె సార్ అన్న. ఆ ఎర్రచుక్క దిక్కు చూసి, లేచి, ఇంటికి పొమ్మన్నడు."

ఉద్యోగం నుంచి ఆమెను సస్పెండ్ చేశారు. ఎమర్జెన్సీ ఎత్తేశాకగానీ మళ్లీ తీసుకోలేదు. చివరిదాకా జీపు చప్పుడు వినిపిస్తే, బోర్డు మీద రాస్తున్న అక్షరం మధ్యలో ఆమె చేయి ఆగిపోయేదని విద్యార్థినులు చెబుతారు. అయినా ఆ తర్వాత మరో ఐదు ఆటలు సృష్టించారు. భయం వేయలేదా అని అడిగినవారికి ఆమె ఇచ్చిన సమాధానం నా చెవుల్లో ఉంది. "భయం పోయినంక చేద్దమనుకుంటె ఏ పనీ గాదు. దాన్ని పక్కకు కూసుండవెట్టుకొని చేసుకోవాలె." వాటిలో మూడింటిని నేనే అచ్చువేశాను, ప్రెస్సు పేరు పెద్ద అక్షరాలతో వేసుకుని. ప్రమాదం తొలగిన తర్వాత వచ్చిన ధైర్యం అది.

సోమవారం సాయంత్రం దవాఖానలో ఆమె మంచం పక్కన కూర్చున్నాను. "అక్కా, నేను కేసముద్రంల ఉన్న ఆ ఐదు దినాలు..." అని మొదలుపెట్టాను. ఆమె కండ్లు మూసుకుని, "అలిసిన తమ్మీ, రేపు చెప్పు" అన్నారు. గండం తప్పినట్టు నాకు ప్రాణం తేలికపడింది. ఆ తేలికతనాన్ని తలచుకుంటే ఇప్పుడు సిగ్గుతో నా తల వాలిపోతున్నది. ఇక ఆ మాట చెప్పుకోవడానికి ఆమె లేరన్నదే మంగళవారం నన్ను ఆవరించిన భయం.

ఆమె ఆటలు ఆడి పెరిగినవారు ఈ జిల్లాలో ఎందరో ఉన్నారు. ఖాళీ అట్ట ముందు కూర్చుని, మన మట్టిలోంచి మరో కొత్త ఆట తీయగలిగినవారు నాకు ఒక్కరూ కనబడరు. ఆ లోటును నా వంటి వంద ప్రెస్సులు పూడ్చలేవు. నేను చేయగలిగింది ఒక్కటే. ఠాణాలో మూడు దినాలు అడిగినా ఆమె నోట రాని జవాబును, ఆమె పాదాలకు మొక్కి, నా పేరుతో ఇక్కడ రాస్తున్నాను.

జాతర బాటను అచ్చువేసింది ఈ వీరేశమే.