పండితే పారేసే కాయ

మా కాలంలో ఆడవాళ్ళకి పండిన కూరగాయంటే హడలు. దొండకాయ కోస్తే లోపల ఎర్రగా కనిపించిందా, పెరట్లోకి విసిరెయ్యడమే. వంకాయ పసుపెక్కిందా, విత్తనానికి తప్ప దేనికీ పనికిరాదు. కాకరకాయ పాదు మీదే పండి పగిలితే ఆ ఇంటి ఇల్లాలికి ఒళ్ళు బద్ధకమని ఊరంతా చెప్పుకునేవారు. కూరకి కాయ, తినడానికి పండు, అంతే మాకు తెలిసింది. పండేక కూర వండుకునే వస్తువొకటి భూమ్మీద ఉంటుందని మాకెవరు చెప్పేరండీ? ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు టమాటా లేకపోతే పప్పైనా వండలేమంటుంటే నాకు వింతగా ఉంటుంది.

స్వరాజ్యం వచ్చిన రెండు మూడేళ్ళకి నేను కాపరానికి వెళ్ళేను. మా అత్తవారిది కొత్తపేట దగ్గర, గోదావరి గట్టు కింద ఊరు. గట్టెక్కితే పాయకి అవతల లంక కనిపించేది. అందులో మావగారికో చెక్క పొలం ఉండేది. వరద తీసేక మెత్తటి ఒండ్రు మట్టి, ఏది వేస్తే అది వచ్చేది. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఏటా అందులో మిరప వేయించేవారు. మా ఆయన చిన్నకొడుకు. ఆ ఇంట్లో ఆయన మాటకి పూచికపుల్ల పాటి విలువ ఉండేది కాదు.

ఒకసారి ఆయన జొన్నాడ రేవు దాటి రాజమండ్రి వెళ్ళొచ్చేరు. భోజనాల దగ్గర, "నాన్నగారూ, ఈ ఏడు లంకలో రామములగ వేద్దామండీ" అన్నేరు. రామములగంటే టమాటాయే, అప్పట్లో మా వైపు అలాగే అనేవారు. అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. "పచ్చి మాంసంలా ఉంటుందంట కదరా, దొరలు తినేది! మనకి ఇంటా వంటా ఉందా?" అన్నేరు.

మావగారు కోప్పడలేదు. కోప్పడకపోతేనే నాకు భయం. "సరే, ఈ ఒక్క శీతాకాలం చెక్క నీకు వదిలేస్తాను. పంట తేలిందా, ఇక మీదట అది నువ్వే చేసుకో. తేలలేదా, మారుమాట్లాడకుండా కాకినాడ వెళ్ళి బియ్యం మిల్లులో గుమాస్తాగా చేరిపో. మిల్లువాళ్ళకి మాటిచ్చి ఉంచుతాను" అన్నేరు. బావగారు మజ్జిగ తాగుతూ నవ్వేరు. ఆ నవ్వు చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మా ఆయన ఆలమూరు నుంచి నారు తెచ్చేరు. కూలీల్ని పెట్టుకోలేదు, కావిడి భుజాన వేసుకుని ఏటి నీళ్ళు తనే మోసేరు. నేను అన్నం పట్టుకుని దోనెలో వెళ్ళి, కలుపు తీసి సాయంత్రానికి ఇల్లు చేరేదాన్ని. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన ఇంట్లో నోరు విప్పి మాట్లాడగా నేను చూడలేదు. లంకలో మాత్రం మొక్క మొక్కకీ ఆగి ఏదో ఒకటి చెప్పేవారు. ఈ చెక్క మనదైతే ఇక్కడో పాక వేసుకుందాం అన్నేరొకసారి. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

కాయలు గుత్తులు గుత్తులుగా దిగేయి. ఆయన షావుకారుని తీసుకురావడానికి రాజమండ్రి బయల్దేరుతూ, "వచ్చేదాకా చూస్తూ ఉండు" అన్నేరు. చూడమన్నేరు గానీ ఏం చూడాలో చెప్పలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకున్నారు కాబోలు!

అనుకున్న రోజుకి ఆయన రాలేదు. నేనూ, అత్తగారూ పొద్దున్నే లంకకి వెళ్ళేం. మొక్కల్లోకి వంగి చూసేనో లేదో, నా పై ప్రాణాలు పైనే పోయేయి. అడుగున కాయలు పసుపెక్కి ఉన్నాయి. కొన్ని ఎర్రగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. అత్తగారైతే గుండెలు బాదుకున్నారు. "ముదిరిపోయిందర్రా! నా బిడ్డ కష్టం గంగలో కలిసిపోయింది!" అని అక్కడే కూలబడిపోయేరు.

ఇంకేముంది, కొంపలంటుకున్నట్టు ఇరుగుపొరుగు ఆడవాళ్ళందర్నీ పిలుచుకొచ్చేం. ఎదిగిన పచ్చికాయలన్నీ బుట్టల్లోకి, ఎర్రబడ్డవన్నీ గేదెలకి. పొద్దు నడినెత్తికి వచ్చినా అత్తగారు నడుమెత్తలేదు. ఆ కాయని తిట్టిన మనిషే! చిన్నకొడుకు కాకినాడ పోతాడన్న దిగులు ఆవిడకీ ఉందని నాకప్పుడు తెలిసింది. చీకటి పడేలోగా బుట్టలన్నీ ఇల్లు చేర్చి, నలక్కుండా వసారాలో ఎండుగడ్డి పరిచి పోసేం. గండం గడిచిందనుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయేను.

మర్నాడు షావుకారుతో కలిసి మా ఆయన వచ్చేరు. వసారాలో పచ్చటి గుట్ట చూసేరు. "ఎర్రవేవీ?" అన్నేరు. గేదెలకి పెట్టేమన్నాను, మెప్పు కోసం ఎదురుచూస్తూ. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎర్రబడ్డాకే కదే కొయ్యాలి" అని గోడకి జారగిలబడిపోయేరు. చేతులారా మేమే ఆయన్ని కాకినాడ పంపించేసేమా అనుకున్నాను. అత్తగారు తలుపు చాటున నోట్లో కొంగు కుక్కుకున్నారు.

షావుకారు మాత్రం ఒక కాయ తీసి, బొటనవేలితో నొక్కి, "ఎవరండీ కోయించింది?" అన్నేరు. అత్తగారు తలుపు చాటుకి ఇంకాస్త జరిగేరు. "అన్ని ఊళ్ళవాళ్ళూ పండబెట్టి ఇస్తారండీ. రేవు దాటి బండెక్కేసరికి సగం రసమైపోతుంది. ఇవైతే గడ్డిలోనే రంగు తిరిగి, దుకాణానికి చేరేసరికి సరిగ్గా ఉంటాయి. మొత్తం నాకే ఇచ్చెయ్యండి. వచ్చే ఏడు ఎంత వేసినా నేనే తీసుకుంటాను" అన్నేరు. మేం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

మునుపు దొరల బంగళాలకీ, రైలు స్టేషను హోటలుకీ తప్ప పోయేవి కావనీ, ఇప్పుడు కాఫీ హోటళ్ళవాళ్ళు పోటీపడి అడుగుతున్నారనీ షావుకారు చెప్పేరు. ఇక ముందు పల్లెల్లో కూడా చింతపండు బదులు ఇదే వేస్తారన్నేరు. కోతలు కోస్తున్నారనుకున్నాను. ఐదారేళ్ళు తిరక్కుండా అమలాపురం సంతలో గోనెపట్టాల మీద రాసులు పోసి అమ్మేరు. ద్రాక్షారామం తీర్థానికి వెళ్తే పూటకూళ్ళ ఇంట్లో చారులో తేలుతూ కనిపించింది. శీతాకాలపు సరుకు కాస్తా ఎండల్లోనూ దొరకడం మొదలైంది. తద్దినం వంటలోకి తప్ప అంతటా దూరిపోయిందండీ, ఎంత విడ్డూరం!

షావుకారు వచ్చిన ఆ రాత్రి సంగతి చెప్పాలి. గడ్డిలో అప్పుడే రంగు తిరిగిన కాయలు నాలుగు షావుకారు ఏరి ఇచ్చి, పప్పులో వేసుకోమన్నేరు. అత్తగారు ముక్కు చిట్లిస్తూనే వండేరు. నేను వడ్డించేను. మావగారు ఒక ముద్ద తిని, "ఇంకొంచెం వెయ్యమ్మా" అన్నేరు. వేసేను. అది కలుపుకుంటూ, ఎవరివైపూ చూడకుండా చెప్పేరు.

"ఇంత గిరాకీ ఉన్న పంట చిన్నోడి చేతిలో పెడితే తగలేస్తాడు. కోత ఎప్పుడో కూడా ఇంట్లో చెప్పి వెళ్ళడం తెలియనివాడు. వచ్చే ఏటి నుంచి లంక పెద్దోడు చూసుకుంటాడు. మిల్లువాళ్ళకి ఎలాగూ మాటిచ్చేను."

నేను విన్నది నిజమేనా అనుకున్నాను. అత్తగారి వైపు చూస్తే ఆవిడ తల దించేసుకున్నారు. "తేలితే ఆయనదే అన్నేరు కదండీ!" అని నా నోట్లోంచి వచ్చేసింది. కోడలు మావగారికి ఎదురు మాట్లాడ్డం ఆ ఇంట్లో అదే మొదలు. బావగారి చేతిలో ముద్ద ఆగిపోయింది. మావగారు నన్ను చూడలేదు. చిన్నకొడుకు వైపు తిరిగి, "ఏరా?" అన్నేరు.

మా ఆయన విస్తట్లోంచి కళ్ళెత్తలేదు. "ఆయ్" అన్నేరు.

మావగారు మాట తప్పితే నేను రగిలిపోయేనే గానీ, అంతగా ఆశ్చర్యపోలేదు. ఈయన ఒప్పుకుంటారని మాత్రం కల్లో కూడా అనుకోలేదు. గరిటె పట్టుకుని కొయ్యబారిపోయి నిలబడ్డాను. ఆ నెలలోనే కాకినాడలో కాపరం పెట్టేం. మిల్లులోనే ఆయన జీవితమంతా గడిచిపోయింది. ఆ రాత్రి ఎందుకలా అన్నేరని నేను ఒక్కనాడూ అడగలేదు. అడిగితే దానికీ "ఆయ్" అనే అంటారేమోనని భయం.