మృగం ముందు భయపడని మనిషి

ఆ రోజుల్లో నా ఉద్యోగం, లేని జంతువుల్ని ఉన్న కొండల మీద నిలబెట్టడం. నోయిడాలో ఒక చిన్న స్టూడియో మాది. కంప్యూటర్లో తయారుచేసిన మృగాల్ని నిజమైన కొండలూ లోయల ఫోటోల్లో కలిపి, విదేశీ కంప్యూటర్ ఆటల సీడీ అట్టలకు పంపేవాళ్ళం. సివిల్స్ రాసి రాసి, ఇక నా వల్ల కాదని తేలాక అందులో చేరాను. గది మాత్రం ఢిల్లీలో సివిల్స్ రాసేవాళ్ళుండే బేర్ సరాయ్‌లోనే ఉంచుకున్నాను. బస్సులు మారి వెళ్ళి, బస్సులు మారి తిరిగొచ్చేసరికి మెస్సులో పప్పు చల్లారి గడ్డకట్టి ఉండేది. దాన్నే తినేసి పడుకునేవాణ్ణి.

గదిలో నాతో పాటు కరీంనగర్ అన్న ఒకాయన ఉండేవాడు. నాకంటే బాగా పెద్ద. ఇంకా పరీక్షలు రాస్తూనే ఉన్నాడు. ఆ మార్చిలో మెయిన్స్ ఫలితాలొస్తే అందులో ఆయన నంబరు లేదు. అదే ఆయనకు ఆఖరి అవకాశం. ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. మొబైల్ స్విచాఫ్ చేసి సూట్‌కేసులో బట్టల కింద పెట్టేశాడు. ఊళ్ళో వాళ్ళమ్మకు చెప్పలేదు. ఎప్పుడడిగినా "చెప్త తియ్యి" అనేవాడు. ఆ మాట వినీ వినీ నాకే విసుగొచ్చి అడగడం మానేశాను.

ఆ ఆదివారం పొద్దున ఫరీదాబాద్ వైపు పాడుబడ్డ రాతి క్వారీలో ఫోటోలు తీసే పని పడింది. గదిలో ఒక్కణ్ణీ వదలబుద్ధి కాక ఆయన్ని కూడా లాక్కెళ్ళాను. మా పనిలో ఒక పద్ధతి ఉంది. మృగం నిలబడబోయే చోట ముందు ఒక మనిషి బూడిదరంగు బంతి పట్టుకుని నుంచుంటాడు. బంతి మీద ఎండ ఎటు పడిందో, నీడ ఎటు తిరిగిందో చూసుకుని మృగానికి కూడా అలాగే వేస్తాం. మనిషి పక్కకు తప్పుకున్నాక ఖాళీ ఫోటో తీసుకుంటాం.

"ఏడ నిలవడాలె?" అన్నాడు అన్న.

"ఆ తెల్లరాయి పక్కన. బంతి గుండెకి ఎదురుగా పట్టుకో అన్నా."

పట్టుకున్నాడు. ఫోటో అయ్యాక బంతి కింద పెట్టి వచ్చెయ్యమన్నాను. బంతి పెట్టాడు గాని రాలేదు. చేతులు వేలాడేసుకుని క్వారీ గుంట వైపు చూస్తూ ఉండిపోయాడు. పిలిచి పిలిచి, సరేలెమ్మని ఆయన ఉండగానే ఒక ఫోటో తీశాను. ఖాళీ ఫోటో తర్వాత తీసుకున్నాను.

మృగం తయారైంది. కొమ్ములు, కోరలు, వీపంతా పొలుసులు. దాన్ని క్వారీలో నిలబెట్టి పంపితే చిన్నదిగా కనిపిస్తోందని క్లయింటు తిప్పి పంపాడు. నిజమే, రాయెక్కిన బల్లిలా ఉంది. పొలుసులు మార్చాం, కాళ్ళకు మట్టి పూశాం, నీడ ముదురు చేశాం. బల్లి బల్లిలాగే ఉంది. నాకు ఆ ఉద్యోగం మీద, ఆ కొమ్ముల మీద, అసలు ఢిల్లీ మీదే రోత పుట్టింది. చివరికి మా టీమ్ లీడర్, పంజాబీ దీదీ, నా వెనకొచ్చి నుంచుని చూసి, "పక్కన ఎవరో ఒక ఆద్మీని పెట్టు భయ్యా. లేకపోతే దాని సైజు ఎలా తెలుస్తుంది?" అంది.

ఆ రోజు అన్న ఉండగా తీసిన ఫోటో తెరిచి, అందులోంచి ఆయన్ని కత్తిరించి తెల్లరాయి పక్కన పెట్టాను. అంతే, మృగం మూడంతస్తుల మేడంత అయిపోయింది. మిగతావాళ్ళు కూడా కుర్చీల్లోంచి లేచి వచ్చి చూశారు.

క్లయింటు నుంచి జవాబొచ్చింది. బాగుందట. కానీ అంత మృగం ఎదురుగా ఉంటే ఆ మనిషి భయపడడేమిటట. భయపడేలా చేసి పంపమన్నాడు.

మరుసటి ఆదివారం పొద్దున్నే అన్నని మా మేడ మీదికి తీసుకెళ్ళాను. "భయపడు అన్నా," అన్నాను కెమెరా పట్టుకుని. ఆయన చేతులు పైకెత్తి నోరు తెరిచాడు. ఆగకుండా పోతున్న బస్సును ఆపుతున్నట్టుంది. నాకు నవ్వాగలేదు. ఆయనా నవ్వాడు, ఫలితాలొచ్చాక అదే మొదటిసారి.

"భయం గిట్ల రాదు తమ్మీ," అన్నాడు. కాసేపు పిట్టగోడ పట్టుకుని నుంచుని, "కిందికి పోదాం పా. అమ్మకు ఫోన్ చేస్త," అన్నాడు.

సందు మొదట్లో ఎస్టీడీ బూత్ ఉంది. గాజు తలుపు అవతల నంబరు నొక్కి, రిసీవరు చెవికి ఆనించుకున్నాడు. అటు మోగుతున్నట్టుంది. ఆయన భుజాలు చెవుల దాకా లేచాయి. పెదాలు కదులుతున్నాయి, ఏం చెప్పాలో లోపల్లోపల అనుకుంటున్నాడు కాబోలు. చేతివేళ్ళు ఫోను తీగను చుట్టేస్తున్నాయి. క్లయింటు అడిగింది అచ్చంగా అదే. కెమెరా నా మెడలోనే ఉంది. చెయ్యి దాని మీదికి పోయింది కూడా. ఛీ అనిపించి, అటు తిరిగి పుస్తకాల షాపు వైపు చూస్తూ నుంచున్నాను.

బయటికొచ్చి చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు.

"అమ్మకు ముందుగాలనే ఎరుకట. పక్కింటి పోరడు ఇంటర్నెట్ల చూసి చెప్పిండట. నేను చెప్పేదాంక ఊకుందామనుకున్నదట. రోజు ఫోన్ పక్కన్నే కూసుంటున్నదట."

ఆయన నా కెమెరా వైపు చూశాడు.

"తీసినవా?"

"లేదన్నా."

"తీస్కుంటే అయిపోవు గద. ఇగ రాదది."

వేరే ఫోటో లేదని క్లయింటుకు రాశాను. అయితే ఆ మనిషిని తీసెయ్యమన్నాడు. తీసేశాను. అట్ట అచ్చయి వచ్చేసరికి అన్న ఊరెళ్ళిపోయాడు. ఆ అట్ట మీద, తెల్లరాయి పక్కన, బల్లి ఒకటి కోరలు బయటపెట్టి నిలబడి ఉంది.